చారు లేని చింత

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. నిజమే. కాకపోతే ఆ రుచికి ఓ గడువుంది.

కొత్త ఊళ్లో మొదటి వారమంతా పండగే. ఢిల్లీ వెళ్లినవాడికి పరాఠా, కోల్‌కతా వెళ్లినవాడికి రసగుల్లా, దుబాయ్‌లో దిగినవాడికి షవర్మా, అమెరికాలో దిగినవాడికి పిజ్జా... అన్నీ నోరూరిస్తాయి. ఫొటోలు తీసి ఇంటికి పంపుతాడు. రెండోవారం ఫొటోలు తగ్గుతాయి. మూడోవారం వచ్చేసరికి ఫోన్లో మాటల వరసే మారిపోతుంది. 'అంతా బాగున్నారా' తరవాత వచ్చే ప్రశ్న ఒకటే. 'ఇవాళేం వండావమ్మా?'

'ఏముందిరా... వంకాయ కూర, చారు. అంతే' అంటుంది తల్లి తేలిగ్గా.

ఆ 'అంతే' దగ్గర అవతలి మనిషికి కాసేపు మాట పెగలదు.

విచిత్రం ఏమిటంటే, దూరాన ఉన్నవాళ్లు కలవరించేది బూరెల కోసమో బిర్యానీ కోసమో కాదు. బిర్యానీ ఇప్పుడు ఏ మహానగరంలోనైనా దొరుకుతుంది. బూరెలు ఎలాగూ పండగలకే. ఏడాదికి నాలుగుసార్లు తినేది ఏడాదికి నాలుగుసార్లే గుర్తొస్తుంది. చారు, పప్పు, గడ్డపెరుగు, పక్కన ఇంత ఆవకాయ ముక్క... ఇవి రోజూ తిన్నవి. అందుకే రోజూ గుర్తొస్తాయి. ఏ హోటలు మెనూ కార్డులోనూ పెద్దక్షరాలతో కనిపించని వంటలివి. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరూ మెచ్చుకోని వంటలు కూడా ఇవే!

కవిసార్వభౌముడి గోడు

ఈ బెంగ విమానాల కాలంలో పుట్టింది కాదు. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు చూస్తే, తెలుగువాడి తిండి బెంగకు ఆరువందల ఏళ్ల చరిత్ర ఉందనిపిస్తుంది.

కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా వెలిగిన మనిషాయన. సన్నన్నానికి అలవాటుపడ్డ నోరు. అలాంటాయన పల్నాటి సీమకు వెళ్తే అక్కడ జొన్నకూడు, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూర వడ్డించారు. ముద్ద దిగలేదు. పెట్టినవాళ్లను ఏమీ అనలేడు. ఇక కోపమంతా శ్రీకృష్ణుడి మీదకు మళ్లింది. పూతన చనుబాల విషం తాగడం, కార్చిచ్చు మింగడం గొప్ప కాదు, ఈ జొన్నన్నం ఒక్క ముద్ద మింగితే అప్పుడు ఒప్పుకుంటానన్నట్టు దేవుడికే సవాలు విసిరాడు.

కన్నడసీమకు వెళ్లినప్పుడు మరో పద్యం. అక్కడివారిలా నెత్తిన టోపీ, ఒంటికి పొడుగుచొక్కా తగిలించుకుని, వెల్లుల్లి, నువ్వులపిండి తిని, అంబలి తాగి... ఇన్ని అవస్థలు పడుతున్నాను, ఇకనైనా కరుణించు తల్లీ అని ఆ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్నాడు. కొత్త దేశంలో టై బిగించుకుని, చల్లటి శాండ్‌విచ్‌తో మధ్యాహ్నం గడుపుకుంటూ, వీసా కాగితం కోసం ఎదురుచూసే ఇవాళ్టి కుర్రాడికి ఈ మొర ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ శ్రీనాథుడికి మింగుడుపడని ఆ జొన్నే పల్నాటి రైతుకు ప్రాణం. ఆనకట్టల పనులకు, కాలువల పనులకు దేశం నలుమూలలకూ వలసపోయిన పాలమూరు కూలీలకు ఆ జొన్నరొట్టే ఇల్లు. ఒకరు మొహం మొత్తి తోసేసిన కంచమే ఇంకొకరికి కలలోకి వస్తుంది. కాబట్టి ఇంటివంట అంటే గొప్ప వంట అని కాదు. చిన్నప్పుడు తిన్న వంట. అంతే.

మరో సంగతి. శ్రీనాథుడు కలవరించిన భోజనంలో ఎక్కడా మిరపకాయ లేదు! 1498లో వాస్కోడిగామా కాలుమోపిన తరవాత పోర్చుగీసు వర్తకులతోనే మిరప మన తీరానికి చేరింది. టొమాటో, బంగాళాదుంప, వేరుసెనగ కూడా అమెరికా ఖండాల్లో పుట్టి ఓడలెక్కి వచ్చినవే. ఇవాళ గుంటూరు కారం లేనిదే ముద్ద దిగదనేవాళ్ల ముత్తాతల ముత్తాతలకు కారమంటే మిరియాలే. నాలుకకు పూర్వీకులతో పనిలేదు. తనకు అలవాటైంది దొరికితే చాలు.

అమ్మ కడుపులోనే మొదలు

అలవాటు ఎప్పుడు మొదలవుతుంది? ఉగ్గు పెట్టినప్పుడా? అన్నప్రాశన నాడా? అంతకంటే ముందే అంటారు పరిశోధకులు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, రుచి, వాసనల మీదే పనిచేసే మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు ఓ ప్రయోగం చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు. కొందరు గర్భిణులతో చివరి నెలల్లో క్యారెట్ రసం తాగించారు. కొందరితో ప్రసవమయ్యాక, పాలిచ్చే రోజుల్లో తాగించారు. ఇంకొందరికి మంచినీళ్లే. పిల్లలు ఘనాహారం తినే వయసుకొచ్చాక క్యారెట్ రుచి ఉన్న గంజి పెట్టి చూశారు. తల్లి ద్వారా ఆ రుచి ముందే తెలిసిన పిల్లలు మొహం చిట్లించుకోవడం తక్కువగా కనిపించింది. తల్లి తిన్నదాని వాసన ఉమ్మనీటిలోకీ చనుబాలలోకీ చేరుతుందన్నమాట. బిడ్డ పుట్టకముందే ఆ ఇంటి వంటకు అలవాటుపడటం మొదలవుతుంది.

దీనికి తోడు ముక్కు ఉండనే ఉంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలాభాగం వాసనే. జలుబు చేసిన రోజున పులిహోర కూడా చప్పగా ఉండటానికి కారణమిదే. చూసినవీ విన్నవీ మెదడులో ఒక మజిలీ దాటి వెళ్తాయి. వాసన అలా కాదు. జ్ఞాపకాలు, ఉద్వేగాలు ఉండే భాగాలకు దగ్గరి దారిలో చేరిపోతుంది. అందుకే పరాయి ఊరి సందులో ఎవరింట్లోనో ఇంగువ పోపు చిటపటమంటే, ఏమిటో తెలిసేలోపే కళ్లు చెమ్మగిల్లుతాయి. అది మనసు బలహీనత కాదు. ముక్కు పని అది.

భూమిని వదిలి వెళ్లినవాళ్లకూ ఈ బాధ తప్పలేదు. గురుత్వాకర్షణ ప్రభావం తెలియని అంతరిక్షంలో ఒంట్లోని ద్రవాలు తలవైపు చేరి, ముక్కు దిబ్బడ వేసినట్టవుతుంది. ఏం తిన్నా చప్పగా ఉంటుందని వ్యోమగాములు కారం సాస్‌లు అడిగి తెప్పించుకుంటారు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ వెళ్లినప్పుడు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల ఆయన కోసం సూజీ హల్వా, ఆలూ ఛోలే, వెజిటబుల్ పులావ్ తయారుచేసి ఇచ్చింది. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిరసం పట్టుకెళ్లి తోటివాళ్లకూ పంచారు. మనిషి ఎంత ఎత్తుకు ఎగిరినా చద్దిమూట మాత్రం వదలడు!

మూటలో ఎంతని పడుతుంది?

చద్దిమూట, దారిబత్తెం... మన భాషలో ఎంత పాత మాటలో! ప్రయాణమంటే ముందు గుర్తొచ్చేది తిండే కాబట్టి మన ఆడవాళ్లు దానికో శాస్త్రమే తయారుచేశారు. పులిహోర రెండోరోజుకూ నిలవడానికి చింతపండు పులుపు, నూనె కాపలా. ఆవకాయలో ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది. పైన తేలే నూనె గాలి చొరకుండా చూస్తుంది. అందుకే జాడీలో తడి చెయ్యి పెడితే అమ్మమ్మలు ఇల్లెగిరిపోయేలా కేకలేసేవారు. కందిపొడి, కరివేపాకు కారం, నువ్వులపొడి తేమ లేకుండా వేయించి కొట్టినవి కాబట్టి నెలల తరబడి నిలుస్తాయి. సకినాలు, జంతికలు, అరిసెలు... అన్నీ దూరాన్ని దృష్టిలో పెట్టుకున్నట్టే ఉంటాయి.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో కాశీకి బయల్దేరి మర్నాటి ఏడాది సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం. వెంట దాదాపు వందమంది పరివారం. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో గుళ్లూ గోపురాలూ నదులూ మాత్రమే ఉంటాయనుకుంటే పొరపాటు. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి, నీళ్లెలా ఉన్నాయి అన్నవి దారి పొడవునా రాసుకుంటూ వెళ్లారు. వెనక వచ్చే యాత్రికుడు పస్తుండకూడదని! ఎంత పెద్ద మూట కట్టుకున్నా పదిహేను నెలలు రాదని ఆయనకు తెలుసు. దారిలో వండుకోవాల్సిందే.

ఇవాళ్టి మూట సంగతి ఇంకా కష్టం. విమానంలో బరువుకు లెక్క. దిగాక కస్టమ్స్ లెక్క. తాజా కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే తెగులును మోసుకొచ్చే పురుగు ఆ మొక్కను ఆశ్రయిస్తుందని వాళ్ల భయం. గసగసాలైతే దుబాయ్ లాంటి చోట్ల మత్తుపదార్థం కిందే లెక్క. అమ్మ మసాలా పొట్లంలో కలిపి పంపిన పిడికెడు గింజలు కొడుకును జైలు గుమ్మం దాకా తీసుకెళ్లగలవు. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తిండిపదార్థం ఏదున్నా ముందే కాగితం మీద రాసి చెప్పాలి. కాబట్టి పచ్చడి జాడీ కట్టేముందు ఆ దేశం నిబంధన కనుక్కోవడం ఇప్పుడు దారిబత్తెంలో భాగమే.

మూట దాటించినా బెంగ తీరుతుందా అంటే అదీ లేదు. 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసినప్పుడు అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు ఏం జరిగిందో టీవీల్లో అందరూ చూశారు. సోనామసూరి బస్తాల కోసం క్యూలు. భుజాన ఒకటి, బండిలో మూడు. కొన్ని దుకాణాలు మనిషికి ఒక్క బస్తానే అని బోర్డు పెట్టాయి. అక్కడ బియ్యానికి కరువా? లేదు. బాస్మతి ఉంది, ఇతర దేశాల బియ్యమూ ఉంది. కానీ పప్పుచారు కలిపితే ముద్దకొచ్చే ఆ సన్నబియ్యం లేకపోతే అది అన్నమే కాదన్నది వాళ్ల భయం. మరుసటేడాది సెప్టెంబరులో ఆ నిషేధం తొలగింది. దగ్గరున్నవాళ్లు నవ్వుకున్నారు. దూరాన ఉన్నవాళ్లకు మాత్రం అది నవ్వులాట కాదు.

ఇంగ్లండులో ఇద్దరు

మూట అయిపోయిన తరవాత ఏం చెయ్యాలి? దీనికి జవాబు ఇంగ్లండు వెళ్లిన ఇద్దరు కుర్రాళ్ల కథలో ఉంది.

మొదటివాడు పోరుబందరు నుంచి వచ్చాడు. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కాడు. వయసు పద్దెనిమిది. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చాడు. ఓడలో భోజనశాలకు వెళ్లడానికి సిగ్గుపడి, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతోనే గదిలో గడిపాడు. లండన్‌లో దిగాక ఉప్పూకారం లేని ఉడికించిన పాలకూర, రొట్టె, జామ్. ఇంకో రెండు ముక్కలు అడగడానికి మొహమాటం. కడుపు నిండని రోజులు. ఇల్లు, అమ్మ గుర్తొచ్చి రాత్రుళ్లు ఏడ్చేవాణ్నని మోహన్‌దాస్ గాంధీ తరవాత ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నారు. రోజూ మైళ్లకు మైళ్లు నడిచి వెతగ్గా వెతగ్గా ఫారింగ్డన్ వీధిలో ఓ శాకాహార భోజనశాల కనిపించింది. ఆ దేశంలో అడుగుపెట్టాక తృప్తిగా తిన్న మొదటి భోజనం అదే. ఆ తరవాత శాకాహార సంఘం, స్నేహితులు. చివరికి చిన్నగది అద్దెకు తీసుకుని, స్టవ్ కొనుక్కుని, పొద్దుటి జావ తానే కాచుకోవడం మొదలెట్టారు. అక్కణ్నుంచి తీరే మారింది. ఇంటినుంచి తెప్పించుకున్న మిఠాయిలు, మసాలాలు మానేశారు. మొదట చప్పగా అనిపించిన పాలకూరే రుచించసాగింది. రుచి ఉండేది నాలుక మీద కాదు, మనసులో అని ఆయన తేల్చుకున్నది అప్పుడే.

రెండోవాడు మద్రాసు నుంచి వచ్చాడు. 1914 ఏప్రిల్‌లో ఇంగ్లండు చేరిన శ్రీనివాస రామానుజన్. కేంబ్రిడ్జిలో తన గదిలోనే వండుకునేవాడు. వండటం వచ్చు. కాకపోతే లెక్కల్లో మునిగితే వేళాపాళా ఉండేది కాదు. అదే ఏడాది మొదలైన ప్రపంచయుద్ధంతో సరుకులు కరువయ్యాయి. ఒకసారి ఆయన కొందరు భారతీయ మిత్రులను భోజనానికి పిలిచి చారు వడ్డించాడు. తిన్నారు, మెచ్చుకున్నారు. మళ్లీ వడ్డించబోతే చాలన్నారు. అంతే, మనిషి మాయం! నాలుగైదు రోజుల తరవాత ఆక్స్‌ఫర్డు నుంచి టెలిగ్రాం వచ్చింది, కాస్త డబ్బు పంపమని. తాను వండిపెట్టింది వద్దనేసరికి మనసు చివుక్కుమని, ఆ క్షణమే బయటికి వెళ్లిపోయాడట. చారు కోసం అలిగాడని నవ్వుకోవచ్చు. కానీ ఆ గిన్నెలో ఉన్నది చారేనా? సముద్రాల అవతల తన ఇల్లంటూ మిగిలింది ఆ గిన్నెడే. దాన్ని నలుగురికీ పెట్టి, నలుగురితో కలిసి తినాలనుకున్నాడు. 1917లో జబ్బుపడ్డాడు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి, 1919లో ఇంటికొచ్చి, మరుసటేడాది ఏప్రిల్ 26న కన్నుమూసేనాటికి ముప్ఫై రెండేళ్లు. ఆ జబ్బు ఏమిటన్నదానిపై వైద్యులది తలో మాట. సరైన తిండి లేకపోవడం, ఒంటరితనం ఆయన్ను మరింత కుంగదీశాయని మాత్రం జీవితచరిత్రలు చదివినవారికి తెలుస్తుంది.

ఇద్దరికీ స్టవ్ ఉంది. ఒకరికి తోడు దొరికింది. ఇంకొకరికి దొరికీ నిలవలేదు.

ఈ రహస్యం ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టినవాళ్లు గల్ఫ్ గదుల్లో ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప... ఎక్కడివాళ్లయినా సరే. గదికి ఏడెనిమిదిమంది. తెల్లవారకముందే పనికి పోవాలి. తలా ఇంత వేసుకుని సరుకులు తెస్తారు. వంతులవారీగా వండుతారు. ఊళ్లో ఉన్నప్పుడు మంచినీళ్ల గ్లాసు కూడా అందుకోని మగాళ్లు అక్కడ పచ్చిపులుసు కలుపుతారు, టొమాటో తొక్కు నూరుతారు. శుక్రవారం సెలవునాడు కోడికూర. ఉప్పెక్కువైందని ఒకడు తిడతాడు, ఇంకొకడు నవ్వుతాడు. ఆ తిట్లలోనే సగం ఊరుంటుంది. ఒంటరిగా గదిలో కూర్చుని తినే మనిషికి ఏ ఆవకాయా ఇవ్వలేనిది అదే.

లెక్కలోకి రాని ప్రయాణం

కొడుకు దుబాయ్ వెళ్తే, మనవడు డల్లాస్ వెళ్తే ఇంటిల్లిపాదీ బెంగపడతారు. సరే. కానీ ఇంటివంటకు దూరమైపోయే అతి పెద్ద ప్రయాణం ఇంకొకటుంది. దానికి టిక్కెట్టు ఉండదు. తిరుగు ప్రయాణమూ ఉండదు. అది అత్తవారింటికి వెళ్లే ఆడపిల్ల ప్రయాణం.

పుట్టింట్లో చారులో బెల్లం వేసేవాళ్లు. అత్తింట్లో బెల్లం పేరెత్తితే మొహాలు ముడుచుకుంటాయి. పుట్టింట్లో పప్పులో పులుపు ఎక్కువ. ఇక్కడ కారం ఎక్కువ. తెలంగాణ పిల్ల గోదావరి ఒడ్డుకు వెళ్లినా, సీమ పిల్ల విశాఖ వెళ్లినా, అంతెందుకు, పక్క వీధికి వెళ్లినా సరే, పోపు మారిపోతుంది. కొత్తకోడలు వారం తిరక్కుండానే ఈ ఇంటి రుచి నేర్చుకుంటుంది. నేర్చుకోకపోతే ఒప్పుకోరు. ముప్ఫై ఏళ్లు అదే వండుతుంది. ఆ వంటనే పిల్లలు 'అమ్మ చేతి వంట' అని దేశాంతరాల్లో కలవరిస్తారు. మరి ఆ అమ్మ ఎవరి చేతి వంట కోసం కలవరిస్తోందో అడిగినవాళ్లెందరు?

పిల్లాడు వెళ్లిపోయాక ఆమె వంటగదిలో చిన్న చిన్న మార్పులు జరుగుతాయి. బియ్యం కొలిచే గ్లాసు ఓ చారెడు తగ్గుతుంది. వాడికిష్టమైన కూర వండబుద్ధి కాదు. వాడే, ఇంట్లో ఉన్నప్పుడు కంచం ముందు కూర్చుని 'మళ్లీ చారేనా?' అన్నవాడు. ఇప్పుడు ఏడువేల మైళ్ల అవతలి నుంచి 'నీ చారు లాంటిది ఎక్కడా లేదమ్మా' అంటాడు. సంతోషమే. కాకపోతే ఆ మాట ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక్కసారంటే ఎంత బాగుండేది!

సూట్‌కేస్ సర్దేముందు

ఊరు దాటే పిల్లలున్న ఇంట్లో చివరి నెలంతా హడావుడే. పచ్చళ్లు కలపడం, పొడులు కొట్టడం, కుక్కరుకు రెండు వాషర్లు అదనంగా కొనడం. అన్నీ అవసరమే. కానీ వాటన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. పిల్లాణ్ని, అవును, పిల్లాణ్ని కూడా, ఓ పదిరోజులు పొయ్యి దగ్గర నిలబెట్టడం.

అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు, పెరుగు తోడుపెట్టడం. ఈ అయిదూ వస్తే ప్రపంచంలో ఎక్కడైనా బతికేయొచ్చు. చారు సంగతే చూడండి. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఓ టొమాటో, పసుపు, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి. పొంగు రాగానే దించి పోపు పెడితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చింతపండు, మిరియాలు, జీలకర్ర ఇప్పుడు పెద్ద నగరాల్లో ఎక్కడైనా దొరుకుతాయి. కరివేపాకు లేకపోయినా చారు చారే.

అమ్మల దగ్గర ఓ చిక్కుంది. 'ఎంత ఉప్పమ్మా?' అంటే 'చూసుకుని వెయ్యి' అంటారు. 'ఎంతసేపు వేయించాలి?' అంటే 'వాసన వచ్చేదాకా' అంటారు. వాళ్ల కొలతలన్నీ చేతిలో, ముక్కులో ఉంటాయి. కాగితం మీదకు రావు. అందుకే పక్కన నిలబడి చూడాలి. వేసే ముందు ఆ చిటికెడును చెంచాలోకి ఒంపి చూసుకోవాలి. సెల్‌ఫోన్‌తో వీడియో తీసుకున్నా సరే. పెళ్లిళ్ల వీడియోలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. అమ్మ పోపు పెడుతున్న వీడియో ఎన్ని ఇళ్లల్లో ఉంది? ఆ చెయ్యి ఎల్లకాలం ఉండదు. ఆమె వెళ్లిపోయాక ఆ చారు కోసం విమానమెక్కి వచ్చినా దొరకదు.

ఆ పదిరోజుల్లో ఒకరోజు మాత్రం ఎదురు ప్రశ్న వెయ్యాలి. 'మీ అమ్మ చారు ఎలా పెట్టేదమ్మా?' అని. ఆ పూట ఆమె తన పుట్టింటి చారు పెట్టాలి. ఇంటిల్లిపాదీ నోరెత్తకుండా తినాలి. బెల్లం వేసినా సరే!

ఇక తోడు సంగతి. కొత్త ఊళ్లో పాలు దొరుకుతాయి గానీ ఇంటి పెరుగు దొరకదు. తోడు లేనప్పుడు గోరువెచ్చటి పాలలో ఎండుమిరప తొడిమలు వేసి పెరుగు చేసుకునే చిట్కా చాలామంది ఇళ్లల్లో తెలుసు. మొదటిరోజు అంత బాగా రాదు. దాన్నే మర్నాటికి తోడు వేస్తే కుదురుతుంది. మూడోనాటికి గట్టిపడుతుంది. మన భాషలో పెరుగుకు వేసేదాన్నీ, పక్కన ఉండే మనిషినీ ఒకే మాటతో పిలుస్తారు. ఊరికే పెట్టిన పేరు కాదది. గిన్నెడు చారు కాచుకున్న పూట పక్కగదిలో బెంగగా కూర్చున్నవాణ్ని కూడా పిలవాలి. వాడు తెలుగువాడే కానక్కర్లేదు. చాలనేదాకా వడ్డించాలి. వాడు చాలన్నాక మాత్రం అలగకూడదు.